పట్టుడెందుకు, ఇడుసుడెందుకు?

"ఇంత కష్టపడి పట్టుడెందుకు, మల్ల ఇడుసుడెందుకు కొడుకా?"

మా అమ్మ ఈ మాట అడిగే ముందు నా చేతిలో రెండున్నర పౌండ్ల స్పాటెడ్ బాస్ చేప ఉంది. దాని కింది పెదవి బొటనవేలితో పట్టుకుని ఫొటోకి నిలబడ్డాను. మా అమ్మాయి ఫోన్లో నాలుగైదు తీసింది. తర్వాత డాక్ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, చేపని నీళ్ళలో ఉంచి, అది తోక విదిలించి లోపలికి పోయేదాకా చూసి, ఏదో గొప్ప పని చేసినవాడిలా లేచాను. అప్పుడు అడిగింది.

"కన్సర్వేషన్ అమ్మా" అన్నాను.

"అంటే?"

"చేపలు అయిపోకుండా."

"పట్టకుంటె అయిపోవు గద."

నా దగ్గర జవాబు లేదు. ఉందనుకుని ఆ తర్వాత రెండు వారాలు వెతికాను. దొరికిన వాటిలో కొన్ని బాగానే ఉన్నాయి. కానీ ఏవీ అమ్మ ముందు పెట్టేంత గట్టివి కావు. చివరికి నేనే అమ్మ పక్షానికి వచ్చేశాను. ఎలా వచ్చానో చెప్పాలంటే ముందు చెరువు సంగతి చెప్పాలి.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, ఫోర్సైత్ కౌంటీలో. జార్జియాలో తెలుగువాళ్ళు బాగా చేరిన చోట్లలో ఇదొకటి. దోసెపిండి, గోంగూర దొరికే కొట్లున్నాయి. దసరా రోజుల్లో బతుకమ్మ ఆడతారు. కౌంటీకి తూర్పు హద్దు లేక్ లేనియర్. చట్టహూచీ నదికి అడ్డంగా 1950లలో సైన్యం ఇంజనీర్లు బ్యూఫర్డ్ దగ్గర ఆనకట్ట కట్టగా ఏర్పడిన చెరువు. నిండితే 38,000 ఎకరాలు. ఒడ్డు పొడుగు 690 మైళ్ళ పైమాట. చెయ్యి చాచిన వేళ్ళలా వాగులన్నిట్లోకీ నీళ్ళు దూరిపోవడం వల్ల అంత ఒడ్డు. ఆనకట్ట దగ్గర లోతు 150 అడుగులు దాటుతుంది. నేను పుట్టింది పాకాల చెరువుకి పది మైళ్ళ దూరంలో. కాకతీయుల కాలం నాటి ఆ చెరువే నాకు సముద్రం. దీన్ని మొదటిసారి చూసినప్పుడు చెరువు అనడానికి నోరు రాలేదు. ఇప్పుడు ఇంట్లో అందరం చెరువనే అంటాం.

ఈ చెరువు అడుగున ఊళ్ళున్నాయి, దయ్యాలున్నాయి అని ఇంటర్నెట్ నిండా కథలు. దయ్యాల సంగతి నాకు అక్కర్లేదు. ఆస్కార్‌విల్ అని నల్లవాళ్ళ పల్లె ఒకటి ఈ పడమటి ఒడ్డునే ఉండేది. 1912లో ఈ కౌంటీలోని నల్లవాళ్ళని, వెయ్యిమందికి పైగా, గుర్రాల మీద వచ్చిన మూకలు ఇళ్ళూ చర్చిలూ తగలబెట్టి తరిమేశాయి. నీళ్ళు వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్ళకి. మునక ఊళ్ళ గురించి శ్రీశైలం నుంచి పోలవరం దాకా వింటూ పెరిగినవాళ్ళం మనం. నీళ్ళు రాకముందే ఖాళీ చేయించిన ఊరి గురించి ఇక్కడికొచ్చాకే విన్నాను. పడవ ఆ వైపు వెళ్ళినప్పుడు నాకు దయ్యాలు గుర్తుకు రావు, 1912 గుర్తుకొస్తుంది.

సరే, చేపలు.

శరదృతువు అంటే ఆశ్వయుజ కార్తీకాలు. ఇక్కడివాళ్ళు ఫాల్ అనే కాలం కూడా దాదాపు అప్పుడే నడుస్తుంది. ఆ రెండు నెలల్లో చెరువు లోపల జరిగే పని చూస్తే, చెట్ల ఆకులు రంగు మారడం పెద్ద విశేషం అనిపించదు.

వేసవిలో నీళ్ళు పొరలుగా విడిపోతాయి. పైన పాతిక ముప్ఫై అడుగులు గోరువెచ్చని నీళ్ళు. అడుగున చల్లటి నీళ్ళు. రెంటికీ మధ్య పలచటి పొర, పై పంచె తీసి కప్పినట్టు. చల్లటి నీళ్ళు బరువు కాబట్టి పైకి రావు. పైవి తేలిక కాబట్టి కిందికి పోవు. కింది నీటికి గాలి తగలదు. పైగా కుళ్ళే ఆకులూ మట్టీ అక్కడున్న ఆక్సిజన్ని కూడా తినేస్తూ ఉంటాయి. ఆగస్టు సెప్టెంబరుల్లో చేపకి పైన వేడి, కింద ఊపిరాడదు. మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. సెప్టెంబరు చివర్లో రాత్రిళ్ళు చల్లబడగానే పై నీళ్ళు చల్లబడి, బరువెక్కి, దిగడం మొదలుపెడతాయి. మధ్య పొర వారం వారం కిందికి జరుగుతుంది. చివరికి ఒకరోజు మొత్తం కలిసిపోతుంది. దాన్నే టర్నోవర్ అంటారు. లేనియర్ లాంటి లోతైన చెరువులో అది నవంబరు చివర్లోనో డిసెంబరులోనో గానీ పూర్తి కాదు. కానీ అక్టోబరు మొదటి వారం నుంచే చేప పడని ప్రతివాడూ "టర్నోవర్ అండీ" అంటాడు. మా ఊళ్ళో దిష్టి తగిలిందన్నట్టు.

చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుంది. అందువల్ల అక్టోబరులో చేపకి చెరువంతా మళ్ళీ చేతికొస్తుంది. వేలెడంత షాడ్ చేపలు గుంపులు గుంపులుగా వాగు మొదళ్ళలోకి వెళతాయి. వాటి వెనక బాస్ వెళతాయి. నడి చెరువులో ఇంకో వేట జరుగుతుంది. అక్కడుండేది బ్లూబ్యాక్ హెర్రింగ్. ఇది అసలు అట్లాంటిక్ సముద్రపు చేప. గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కే జాతి. ఎరగా తెచ్చినవాళ్ళ పుణ్యమా అని ఈ చెరువులో పడి, సముద్రం మొహం చూడకుండానే ఇక్కడే పిల్లాపాపలతో స్థిరపడింది. ఈ ముక్క చెబితే మా రాజమండ్రి మిత్రుడు పడవలో లేచి నిలబడినంత పని చేశాడు. "అంటే పులసకి చుట్టమే కదండీ!" దూరపు చుట్టమే, నిజం. హెర్రింగ్ బంధువర్గంలోదే పులస కూడా. అప్పట్నుంచి ఆయన ఆ ఎరని గాలానికి గుచ్చేటప్పుడు కొంచెం నొచ్చుకుంటాడు.

ఇక్కడ స్పాటెడ్ బాస్ అని అందరూ పిలిచేది కూడా స్థానికం కాదు. శాస్త్రం ప్రకారం అది అలబామా బాస్. 2008లో దాన్ని వేరే జాతిగా గుర్తించారు. చట్టహూచీ సొంత చేప షోల్ బాస్, రాళ్ళ మీద పారే నీళ్ళు కావాలి దానికి, నిలవ నీళ్ళలో ఇమడదు. చారల స్ట్రైపర్ బాస్ ఈ చెరువులో పిల్లల్ని పెట్టలేదు, ప్రభుత్వం పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే. ఉత్తర జార్జియాలో ఇలాంటి పెద్ద చెరువులన్నీ మనిషి ఆనకట్ట వేసి కట్టినవే కాబట్టి, చెరువే వలస వచ్చింది, చేపలూ వలస వచ్చాయి, పట్టే మేమూ వలస వచ్చాం. హెచ్-1బీ మీద వచ్చినవాడికి ఇందులో నవ్వుకోవడానికి కొంత ఉంది.

బాస్ పిచ్చి ఎలా పడుతుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. అక్టోబరు పొద్దున, నీళ్ళు అద్దంలా ఉండగా, వంద గజాల దూరంలో ఒక్కసారిగా పెనం మీద ఆవాలు చిట్లినట్టు నీళ్ళు చిట్లుతాయి. కింద నుంచి బాస్ గుంపు హెర్రింగ్‌ని పైకి తరుముతుంటుంది. అక్కడికి గాలం అందేలా విసరగలిగితే సరి. ఎరని కొట్టే దెబ్బ మోచేతి దాకా వస్తుంది. విసిరేలోగా ఆ గుంపు మునిగి ఇంకో చోట లేస్తుంది. నేను దీనికోసం మూడేళ్ళలో ఆరు రాడ్లు కొన్నాను. మా ఆవిడ లెక్క ప్రకారం ఎనిమిది.

మూడేళ్ళ కిందట సెప్టెంబరు ఆఖర్న మిత్రుడి పడవలో వెళ్ళాం. నలభై అడుగుల లోతులో, మునిగిన చెట్టు పక్కన, సోనార్ తెర మీద చేపలు చుక్కల్లా కనిపిస్తున్నాయి. సన్నటి దారం దింపి ఒక మంచి చేపని పైకి లాగాను. నాలుగు పౌండ్లు దాటింది. నా జీవితంలో అదే పెద్దది. ఫొటో అయ్యాక వదిలాను. అది పోలేదు. పక్కకి ఒరిగి తేలింది.

చేప కడుపులో గాలితిత్తి ఒకటి ఉంటుంది. లోతులో నీటి బరువు దాన్ని నొక్కి ఉంచుతుంది. మనం గబగబా పైకి లాగేస్తే ఆ బరువు పోయి, తిత్తి ఉబ్బిపోతుంది. అప్పుడు చేప దిగాలన్నా దిగలేదు. సూదితో ఒక లెక్క ప్రకారం గుచ్చి ఆ గాలి తీయడం తెలిసినవాళ్ళున్నారు. మాకిద్దరికీ తెలియదు. చేత్తో నాలుగు సార్లు తోశాం. నాలుగు సార్లూ తేలింది. పావుగంట దాని చుట్టూ పడవ తిప్పి, చేసేది లేక వచ్చేశాం. వెనక్కి చూస్తే నీటి కాకి ఒకటి దాని మీద వాలుతోంది. ఫొటో మాత్రం పెట్టాను. రెండు వందల పైచిలుకు లైకులు. కింద "గుడ్ రిలీజ్ బ్రో" అని ఎవరో రాశారు. నేను థాంక్స్ చెప్పాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మ డాక్ మీద ఆ ప్రశ్న అడిగిన రోజు రాత్రి గుర్తొచ్చింది.

పట్టి వదిలేయడం అమెరికాలో బాస్ వేటగాళ్ళ మతం లాంటిది. 1972లో రే స్కాట్ అనే ఆయన తన బాస్ పోటీల్లో, పట్టిన చేపల్ని చంపొద్దు, బతికుండగా తూకం వేసి నీళ్ళలో వదలండి అని మొదలుపెట్టాడు. అంతకుముందు పోటీ అయ్యాక చచ్చిన చేపల గుట్టలతో ఫొటోలు దిగేవారు. దాంతో పోలిస్తే అది నిజంగా మంచి మార్పే. పడవలో నీళ్ళు ప్రవహించే తొట్లు వచ్చాయి, చేపలు నిలిచాయి. మా మిత్రుడి వాదన ఇంకో మెట్టు పైకి పోతుంది. "మనం కొనే ప్రతి రాడ్ మీదా రీల్ మీదా 10 శాతం ఫెడరల్ పన్ను ఉందండీ. 1950 చట్టం. ఆ డబ్బూ, మన లైసెన్సు డబ్బూ తిరిగి చేపపిల్లలకీ చెరువులకీ వెళుతుంది. మీరు పట్టడం మానేస్తే చెరువుకే నష్టం." లెక్క నిజమే. ఆ చట్టమూ నిజమే. నా ఆరు రాడ్లకి, లేదా ఎనిమిదికి, ఇంతకన్నా మంచి సాకు దొరకదు. కానీ పన్ను కట్టాను కాబట్టి చేప మూతిలో గాలం గుచ్చొచ్చు అనే వాదన అమ్మకి చెప్పి చూడండి.

చేపకి నొప్పి తెలియదు అనేది ఇంకో పాత మాట. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడ్డన్ బృందం ట్రౌట్ చేప మూతి దగ్గర గాయాన్ని పసిగట్టే నరాలు ఉన్నాయని చూపించింది. మూతి దగ్గర ఘాటైన ద్రవం ఎక్కిస్తే ఆ చేపలు తిండి మానేశాయి, మూతిని తొట్టి అడుగున రుద్దుకున్నాయి. మనం పడే బాధ లాంటిదేనా అది అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా తగాదా నడుస్తోంది. తగాదా తేలేదాకా ఆగుదాం అంటారు కొందరు. అది తేలే లోపు నేను వేల సార్లు గాలం వేస్తాను.

నాకు ఆశ్చర్యం వేసింది స్విట్జర్లాండ్ సంగతి చదివాక. వదిలేసే ఉద్దేశంతోనే చేపని పట్టడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. జర్మనీలోనూ జంతువుని బాధపెట్టాలంటే సరైన కారణం ఉండాలి, తినడం కారణం, సరదా కారణం కాదు. అంటే వరంగల్ జిల్లా పల్లెటూర్లో నాలుగో తరగతితో చదువు ఆపేసిన మా అమ్మ డాక్ మీద అడిగింది యూరప్‌లో చట్టంగా రాసి పెట్టుకున్నారు. ఈ మాట చెబితే అమ్మ పెద్దగా ఉబ్బలేదు. "అది అందరికి ఎరుకున్న ముచ్చటనే గద" అంది.

ఇక్కడ నా వాదన తప్పుగా అర్థం కాకూడదు. చేపని వదలడం తప్పు అనడం లేదు. చిన్నది పడితే వదలాలి. అక్కర్లేనిది పడితే వదలాలి. అక్టోబరు, నవంబరు చల్లటి నీళ్ళలో పది అడుగుల లోతులో పట్టి, గాలిలో ఎక్కువసేపు ఉంచకుండా వదిలితే చాలా భాగం బతికేస్తాయి కూడా. నాకు పేచీ ఉన్నది వదలడానికే పట్టడంతో. వదలడం వేటలో జరిగే ఒక పని. దాన్నే వేటకి ఉద్దేశంగా పెట్టుకుంటే, మనం చేపతో ఆడుకుంటున్నాం. ఆడుకుంటున్నాం అని ఒప్పుకుంటే కూడా కొంత నయం. దానికి దయ అని పేరు పెట్టడమే నాకు మింగుడు పడటం లేదు.

ప్రపంచంలో పట్టిన అతి పెద్ద లార్జ్‌మౌత్ బాస్ ఈ జార్జియాదే. 1932 జూన్ 2న జార్జ్ పెర్రీ అనే ఇరవై ఏళ్ళ రైతు, నది పాయ తెగి మిగిలిన ఓ మడుగులో పట్టాడు. 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైన. ఆర్థిక మాంద్యం రోజులు. వాన పడి పొలం పని లేక మిత్రుడితో చేపలకి వెళ్ళాడు. తూకం వేయించుకుని, ఇంటికి తెచ్చి, ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానికి సరిసమానమైన చేపని పట్టేదాకా ఆ రికార్డు ఒక్కడిదే. పెర్రీ ఆ చేపని అద్దాల పెట్టెలో పెట్టుకోలేదు. రెండు పూటల కూర అయిపోయింది. నేను విన్న చేపల కథలన్నిట్లో నాకు ఇదే ఇష్టం.

కురిటా వాడిన ఎర ఏమిటో తెలుసా? బ్లూగిల్. అరచేతంత చిన్న చేప. అది కూడా జపాన్‌ది కాదు. 1960లో అమెరికా పర్యటనకి వచ్చిన యువరాజు అకిహిటోకి షికాగో మేయర్ కానుకగా ఇచ్చినవి. తిండికి పనికొస్తాయని ఆయన వాటిని పరిశోధన సంస్థకి ఇస్తే, అక్కడి నుంచి తప్పించుకుని దేశమంతా పాకి స్థానిక చేపల్ని తిని కూర్చున్నాయి. చక్రవర్తి అయ్యాక 2007లో బివా సరస్సు దగ్గరే జరిగిన సభలో, దీనికి నా మనసు బాధపడుతోంది అని ఆయన చెప్పుకున్నాడు. స్వయంగా చేపల మీద పరిశోధన చేసినవాడు మరి.

ఆ బ్లూగిల్ ఇక్కడ సొంతగడ్డ మీద ఉంది. దాని గురించి గొప్ప చెప్పేవాళ్ళే తక్కువ. ఇక్కడ వాటినీ, వాటి బంధువుల్నీ కలిపి ప్యాన్‌ఫిష్ అంటారు. పెనంలో పట్టే చేపలన్నమాట. జార్జియా పల్లెల్లో బ్లూగిల్ జాతిని బ్రీమ్ అంటారు. పలికేటప్పుడు మాత్రం "బ్రిమ్". బాస్ వేటగాళ్ళు వీటిని పిల్లల ఆటగా చూస్తారు. నేనూ అలాగే చూశాను. నా కళ్ళు తెరిపించింది మా వీధి చివర ఉండే ఓ పెద్దాయన. లారీ డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆయనకి బాస్ అంటే చులకన. "ఫొటోకి బాస్, భోజనానికి క్రాపీ" అంటాడు.

క్రాపీ వెండి రంగు మీద నల్ల మచ్చలున్న పలచటి చేప. వేసవంతా లోతుల్లో ఎక్కడో ఉండి, అక్టోబరు నాటికి డాకుల నీడల్లోకి, నీళ్ళలో పడి ఉన్న కొమ్మల్లోకి, పది నుంచి ఇరవై అడుగుల మధ్యకి వచ్చి గుంపుగా నిలబడుతుంది. పెద్దాయన దగ్గర నేర్చుకున్న విద్య: డాక్ కింద నీడలోకి ఎరని విసరడానికి చోటు ఉండదు కదా, అందుకని చిన్న ఈకల గాలాన్ని వేళ్ళతో పట్టుకుని, రాడ్‌ని విల్లులా వంచి, వదిలేయాలి. అది నీటికి జానెడు ఎత్తున బాణంలా దూసుకుపోయి చీకట్లో పడుతుంది. మొదటి రోజు నా గాలం నా టోపీకే తగిలింది. రెండోసారి పెద్దాయన టోపీకి. దీని మూతి కాగితంలా పలచన. బాస్‌కి లాగినట్టు ఒక్క గుంజు గుంజితే చీరి పారిపోతుంది. మెల్లగా ఎత్తాలి. మూడేళ్ళ బాస్ అలవాటు వదిలించుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

బ్రీమ్‌కి అదీ అక్కర్లేదు. బెండు, సీసం గుండు, చిన్న గాలం, ఎర్ర (వానపాము) ముక్క. చిన్నప్పుడు పాకాల కాలవ మీద జొన్న బెండు కట్టి పరకల కోసం కూర్చున్నదానికీ దీనికీ తేడా ఏమీ లేదు. ఇక్కడ ఎర్రలు డబ్బాలో, అట్ట మీద పేరు రాసి, డాలర్ల లెక్కన అమ్ముతారు. అమ్మ ఆ డబ్బా చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. బయటికి పోయి ఆకుల కింద తడి మట్టిని పుల్లతో గెలికి గుప్పెడు తెచ్చింది. ఆ సాయంత్రం బెండు మునగగానే "గుంజు, గుంజు" అని నాకంటే ముందే లేచింది. అరచేతంత చేప. ముదురు నీలం మొప్ప, నారింజ రంగు రొమ్ము. "ఇది మంచిగున్నది, ఇది ఇడువకు" అంది.

ఆ రోజు పదకొండు తెచ్చాం. అమ్మ కత్తి వీపుతో పొలుసు తీసి, మా ఇంటి వెనక కాంక్రీటు మెట్టు మీద ఉప్పేసి తోమింది, ఊళ్ళో బండ మీద తోమినట్టే. హెచ్.ఓ.ఏ. వాళ్ళ నుంచి, అంటే కాలనీ సంఘం నుంచి, ఉత్తరం వస్తుందని నాకు టెన్షన్. రాలేదు. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, కొంచెం బియ్యప్పిండి పట్టించి, రెండు పక్కలా గాట్లు పెట్టి, ఇనప పెనం మీద వేయించింది. బ్లూగిల్ తోక అప్పడంలా కరకరలాడుతుంది. ముళ్ళున్నాయి, తినడం రావాలి. మా అమ్మాయికి రాదు, నేర్చుకుంటోంది. క్రాపీని మాత్రం పులుసు పెట్టనివ్వలేదు నేను. అంత మెత్తటి మాంసం చింతపండు పులుసులో విడిపోతుంది, వేపుడికే బాగుంటుంది. అమ్మ ఒప్పుకోలేదు. మర్నాడు పెట్టింది. కొంచెం విడిపోయింది. అయినా గిన్నె ఖాళీ అయింది.

తినడానికి పట్టాలి అంటే ఎన్నైనా పట్టొచ్చని కాదు. జార్జియాలో మనిషికి రోజుకి క్రాపీ 30, బ్రీమ్ 50 దాకా ఉంచుకోనిస్తారు. పదహారేళ్ళు నిండితే లైసెన్సు తప్పనిసరి. అది ప్రభుత్వం గీసిన గీత. మా గీత ఫ్రీజరు. ఫ్రీజర్లో చేప ఉన్నంతవరకూ రాడ్ ముట్టను. ఇంకో సంగతి. బ్లూగిల్‌లో అన్నిటికన్నా పెద్దవాటిని వదిలేస్తాను. బాస్ వాళ్ళు ట్రోఫీ కోసం చెప్పే నీతి ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఎండాకాలంలో పెద్ద మగ చేపలు అడుగున పళ్ళెం లాంటి గుంతలు చేసి గుడ్లకి కాపలా కాస్తాయి. కొన్ని మరుగుజ్జు మగవి ఆడచేపల్లా నటించి ఆ గూళ్ళలోకి దొంగతనంగా దూరతాయి, అదో పెద్ద నాటకం. పెద్ద మగవాటినన్నిటినీ మనం ఏరేస్తే, పోటీ లేక చిన్నవి పెరగడం ఆపేసి తొందరగా ఈడుకొస్తాయి. కొన్నేళ్ళకి చెరువు నిండా బొటనవేలంత చేపలే మిగులుతాయి. కాబట్టి నడిమి సైజువి కూరకి, పెద్దవి చెరువుకి. బాస్ తినకపోవడానికి కూడా ఒక మంచి కారణం ఉంది. చిన్న చేపల్ని తినే పెద్ద చేపలో, ఏళ్ళు గడిచేకొద్దీ, పాదరసం పేరుకుంటుంది. ఎర్రల మీద, పురుగుల మీద బతికే చిన్న చేపలో అంత ఉండదు. ఏ చెరువులో ఏ చేప ఎన్ని పూటలు తినొచ్చో రాష్ట్రం పట్టిక వేస్తుంది. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇంతవరకూ వచ్చాక నాకు అడ్డంగా నిలబడింది కార్తీకం.

కిందటేడు దీపావళి అక్టోబరు 20న వచ్చింది. రెండు రోజులకి కార్తీకం మొదలు, నవంబరు 20 దాకా. చెరువు మంచి ఊపు మీద ఉండే నెల అదే. ఆ నెల మా ఇంట్లో నీచు గడప దాటదు. అమ్మ ఉన్నప్పుడు మరీను. సోమవారాలు ఉపవాసం, పొద్దున్నే దీపం. పాత నేనైతే ఇది వరం. తినేది ఎటూ లేదు, పట్టి వదిలేద్దాం, పుణ్యం పుణ్యం, బాస్ బాస్. మా మిత్రుడు ఫోన్ మీద ఫోన్. "హెర్రింగ్ పైకి తేలుతోందండీ, గల్స్ దిగాయి, లూన్ పక్షులు కూడా వచ్చేశాయి, రండి." మూడు సార్లు ఏదో ఒక వంక చెప్పాను. నాలుగోసారి నిజం చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరు మరీ అండీ" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఆయన గోదారి ఒడ్డున పెరిగినవాడు, చేపల విషయంలో నాకన్నా నాలుగాకులు ఎక్కువే చదివాడు. ఇప్పటికీ ఈ విషయం మీద మా ఇద్దరికీ పడదు. పడవ మాత్రం కలిసే ఎక్కుతాం, ఆశ్వయుజంలోనూ, మార్గశిరంలోనూ.

కార్తీక పున్నమికి అమ్మ చెరువు దగ్గర దీపం పెడతానంది. చీకటి పడ్డాక బోట్ ర్యాంప్‌కి తీసుకెళ్ళాను. దీపాన్ని నీళ్ళలో వదలొద్దు, మెట్టు మీదే పెట్టి కొండెక్కాక తీసుకుపోదాం అని ముందే మాట తీసుకున్నాను. ఉసిరికాయ మీద ఒత్తి వెలిగించింది. గాలి లేదు. వెలుగు నీళ్ళ మీద పడి, రెండు గజాల మేర పచ్చగా పరుచుకుంది. కాసేపటికి అక్కడికి షాడ్ పిల్లలు చేరాయి. గింజలు చల్లినట్టు నీటి మీద చిన్న చిన్న సుడులు. అమ్మ కళ్ళు మూసుకుని ఏదో అనుకుంటోంది. నా కుడి చేతి వేళ్ళు వాటంతటవే లేని రీల్‌ని తిప్పుతున్నాయి.

వెలుగు అంచున, చీకట్లో, ఎవరో అరచేత్తో నీళ్ళని కొట్టినట్టు ఠప్పుమంది. షాడ్ చెదిరిపోయాయి.

అమ్మ కళ్ళు తెరిచింది. "పెద్దదేనా?"

"రెండు కిలోలుంటది" అన్నాను.

"అంతుంటదా!" అని కొంగు సర్దుకుని, మెట్టు మీద ఇంకొంచెం ముందుకి జరిగి కూర్చుంది.